బాయిలరు బిగించడానికి తెలిసినోడు

"దుబాయ్‌లో వేణ్ణీళ్ళకి బాయిలరెందుకురా, కుళాయి తిప్పితే చాలదా?" అని మా ఊళ్ళో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఎండాకాలం మటుకు నిజమే. మేడ మీది ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నానికల్లా చాయ్‌పొడి వేసుకునేంతగా కాగేవి. కానీ ఆ దేశంలో చలికాలం కూడా ఒకటి ఉంటుందనీ, ఆ రెండు మూడు నెలలు అవే నీళ్ళు వీపున సూదులు గుచ్చుతాయనీ అక్కడ ఉన్నవాడికే తెలుసు. అలాంటి ఒక చలికాలంలో మా ఇంటి బాయిలరు ఒక మనిషిని చంపబోయింది. చంపబోయింది బాయిలరా, మా తెలివితేటలా అన్నది తర్వాత సంగతి. తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కరామాలో ఉండేవాళ్ళం. ఫ్లాటు ఒక నర్సమ్మది. గోదావరి జిల్లా ఆవిడ. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆవిడ ఆస్పత్రి జీతం మీదే ఇల్లు నడిచేది. ఆవిడ భర్త ఒక ఆఫీసులో టైపు కొట్టేవాడు, మెడకి టై కట్టేవాడు, కాబట్టి ఇల్లు తనే నడుపుతున్నాననుకునేవాడు. ఆయన్ని మేం సారూ అనేవాళ్ళం. అద్దె భారం తగ్గుతుందని ఒక గది మా ఇద్దరికిచ్చారు. ఒకణ్ణి నేను. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి లారీ ఎక్కినవాణ్ణి, అక్కడ ఒక కంపెనీ పికప్ నడుపుతూ షార్జా అవతల సజ్జాలోని కూలీల క్యాంపులకి సామాను తోలేవాణ్ణి. రెండోవాడు కరీంనగర్ జిల్లాలో మా పక్కూరి తాపీమేస్త్రి. వయసులో పెద్ద కాబట్టి కాకా అనేవాణ్ణి.

బాయిలరు మేం దిగేనాటికే బాత్రూము గోడకి వేలాడుతోంది. గ్యాసుది. కరెంటుది పెట్టుకుందామంటే ఏసీ వేస్తేనే ఫ్యూజు ఎగిరిపోయే వైరింగు మాది. ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, మా కాలానికి పొగతాగేవాడి పళ్ళ రంగుకి వచ్చింది. కుళాయి తిప్పితే వెంటనే అంటుకునేది కాదు, ఒక్క క్షణం ఆలోచించి బుస్సుమనేది. ఆ ఒక్క క్షణంలో మాకు దేవుళ్ళందరూ గుర్తొచ్చేవారు. నేను దానికి కఫీల్ అని పేరు పెట్టాను. మా వీసాలిచ్చిన కఫీల్ కూడా అంతే, ఏదైనా అడిగితే ముందు గట్టిగా అరిచి, బుద్ధిపుడితే ఇచ్చేవాడు. బాయిలరు నెత్తి మీంచి పొగ పోవడానికి ఒక రేకు గొట్టం, దాని వెనక గోడకి ఒక కంత ఉండేవి. గొట్టం సగం తుప్పుపట్టి రాలిపోయింది. కంత మాత్రం దాని వెనకాలే ఉండాలి. ఎవరూ తొంగి చూడలేదు.

ఆ ఏడే అక్కకి ఆడపిల్ల పుట్టింది. పురుటికి ఊరినుంచి ఎవరూ రాలేకపోయారు గానీ, అత్తగారు మాత్రం క్యాసెట్‌లో వచ్చింది. ఆ రోజుల్లో ఉత్తరం కన్నా క్యాసెట్టే ముద్దు. సెలవు మీద వెళ్ళినవాడు తిరిగొస్తూ తెచ్చేవాడు, టేప్‌రికార్డరు బల్లమీద పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవాళ్ళం. ఆ పెద్దావిడ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "బాబూ, బాలింతకి గాలి సోకనివ్వకు. చెవుల్లో దూది పెట్టమను. నీళ్ళగదిలో కంతలూ సందులూ ఏవీ లేకుండా చూడు. గాలి సోకిందా, సన్నిపాతమే!" సారు ఆ మాటని వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. ఆఫీసులో ముదీర్, అదే మేనేజరు, చెప్పిన మాట కూడా అంత శ్రద్ధగా విని ఉండడు. అక్క ఇంకా ఆస్పత్రి మంచం మీదే ఉంది.

ఆ వారమే మా కాక తలగడ మాయమైంది. కాక నన్ను అనుమానించాడు.

సెలవైపోయి అక్క మళ్ళీ డ్యూటీకెక్కింది. స్నానం చేసి వచ్చినప్పుడల్లా తలనొప్పి అనేది. ఆస్పత్రికి పోయి కాసేపుంటే తగ్గిపోయేది. "ఇంట్లో పనంటే తలనొప్పి అందరికీ ఉన్నదే" అని సారు జోకేశాడు. జోకులు వెయ్యడం అందరికీ చేతకాదు.

ఒక శుక్రవారం పొద్దున పాపకి స్నానం పోద్దామని టబ్బులో నీళ్ళు పట్టడానికి అక్క బాత్రూములోకి వెళ్ళింది. వేడి బయటికి పోకుండా తలుపు మూసి గడియ పెట్టుకుంది. పాప బయట కాక ఒళ్ళో ఉంది, ఒళ్ళంతా నూనెతో.

"అమ్మా, నీళ్ళు నిండలేదా? ఈ చేపపిల్ల నా చేతుల ఆగుతలేదు" అని కాక కేకేశాడు.

కాసేపటికి నీళ్ళే జవాబుగా వచ్చాయి. గడప దాటి హాల్లోకి పారాయి.

సారూ నేనూ కలిసి గడియ విరగ్గొట్టాం. అక్క టబ్బు పక్కన ఒరిగిపోయి ఉంది, ఒక చెయ్యి నీళ్ళలో. హాల్లోకి లాక్కొచ్చి కిటికీలన్నీ తీశాం. చల్లగాలి తగిలాక కళ్ళు విప్పింది. మొదటిమాట, "పాపేదీ?" రెండోమాట, "ఆ బాయిలరు ఆపండి."

"నీరసం" అన్నాడు సారు.

"దిష్టి. తల్లీబిడ్డల మీద కండ్లు వడ్డయి. మిరపకాయలు దిగదుడవాలె" అన్నాడు కాక.

అక్క గోడకి ఆనుకుని వాంతి ఆపుకుంటూ చెప్పింది: "నీరసం కాదు, దిష్టీ కాదు. లోపల గాలాడకపోతే ఆ మంటలోంచి పాడు గ్యాసు పుడతాది. కంటికి కనబడదు, ముక్కుకి వాసన రాదు. ఆస్పత్రికి తీసుకొచ్చినోళ్ళని చూశాను. ఇంకొక్క నిమిషం స్పృహ ఉండుంటే పాపని కూడా లోపలికి తీసుకెళ్ళేదాన్ని." కాక ఒళ్ళో పాప కాళ్ళు ఆడిస్తోంది. "ఆ బాయిలరు మార్చేదాకా నా కూతురు ఆ గదిలోకి రాదు. అంతే."

నాకు మండేది ఇక్కడే. ఆస్పత్రిలో డాక్టర్లు ఆవిడ మాట ఆగి వినేవారు. ఇంట్లో ముగ్గురు మగవాళ్ళం, ముగ్గురికీ తలొక వైద్యం తెలుసు. ఆవిడకొక్కదానికే ఏమీ తెలియదు.

బిల్డింగు ఓనరుకి కబురంపితే, "బాయిలరు మీ గొడవ, మీకు నచ్చినవాడితో పెట్టించుకోండి" అని వాచ్‌మన్‌తో చెప్పించాడు. నచ్చినవాడు! అక్కణ్ణించి మొదలైంది మా ఇంట్లో ఎన్నికల సంబరం.

"తెలిసినోణ్ణి పిలుద్దాం" అన్నాడు సారు, సాయంత్రం చాయ్ దగ్గర.

"నేనూ అదే అంటున్నానండి. తెలిసినోణ్ణే పిలవండి" అంది అక్క.

"మా ప్రార్థన కూటంలో ఒకడున్నాడు. మా పక్కూరే. వాళ్ళ పెదనాన్నా మా నాన్నా ఒకే బల్ల మీద చదువుకున్నారు."

"వాళ్ళ పెదనాన్న బాయిలర్లు బిగించేవారా?"

"అది కాదే. తెలిసినోడు అంటున్నా."

"మీకు తెలిసినోడా, పని తెలిసినోడా?"

సారు ఆవిడ వంక జాలిగా చూశాడు, తెలుగు రానివాళ్ళని చూసినట్టు. మన భాషలో ఈ ఒక్క మాట ఎన్ని కొంపలు ముంచిందో ఎవరైనా లెక్కగడితే బాగుండు. మనకి తెలిసినవాడూ తెలిసినవాడే, పని తెలిసినవాడూ తెలిసినవాడే. ఇద్దరూ ఒకడే అయితే అదృష్టం. వేరువేరైతే మాత్రం మనం చచ్చినా మొదటివాడినే పిలుస్తాం, చచ్చాక కూడా వాడినే పిలుస్తాం, పెట్టె మోయడానికి.

ఆ పక్కూరాయన వచ్చాడు. ఏసీలు బాగుచేసేవాడు. ముందు బిర్యానీ తిన్నాడు. ఊళ్ళో ఎవరి పొలం ఎవరు కొన్నారో గంటసేపు చెప్పాడు. తర్వాత బాయిలరు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. అక్క కూడా భక్తిగా తలవంచి ఆమెన్ అంది. అన్నాక అడిగింది:

"అన్నయ్యా, దీని పొగ ఎటు పోద్ది?"

"పొగా? ఇది గ్యాసు కదండీ చెల్లెమ్మా. కట్టెలపొయ్యి కాదు. నీలంమంటకి పొగుండదు."

"మరి నేనెందుకు పడిపోయాను?"

"నీరసమండి. మా ఇంట్లో కూడా అంతే."

"చూశావా!" అన్నాడు సారు.

ఆయన వెళ్ళిపోయాక అక్క, "ఈయన వద్దు" అంది. సారు మొహం మాడిపోయింది. "నేను మాటిచ్చేశాను. రేపు కూటంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. "ఆ బాత్రూములో తప్ప ఎక్కడైనా పెట్టుకోండి" అంది అక్క.

కాక మాత్రం తక్కువ తిన్నాడా? "మా మేనల్లుడు సజ్జాల ఉన్నడు. మనోడు. పోరడు హుషారు" అన్నాడు.

"ఏం పని చేస్తడు కాకా?" అన్నాను.

"బిల్డింగులకు ఇనుపచువ్వలు కడ్తడు."

"బాయిలరుకు చువ్వలెందుకే?"

"బాయిలరు ఇనుముది కాదారా? ఇనుమంటే వానికి భయంలేదు."

భయం లేనివాడు గ్యాసు దగ్గరికి రాకూడదని నాకు తోచింది. అయినా కాక బాధపడతాడని, సజ్జాకి సామాను తోలినప్పుడు ఆ పిల్లగాణ్ణి కలిశాను. పాపం, నిజాయితీపరుడు. "వెడ్త అన్నా, దాందేమున్నది? గ్యాసు ఎటు తిప్పాల్నో నువ్వు జెర చెప్పు, వెడ్త" అన్నాడు. పొగ ఎటు పోతుందని అడిగితే ఆకాశం చూపించాడు. తప్పని ఎలా అంటాం? అన్నీ అటే పోతాయి.

ఇక లాభంలేదని అక్క పాపని ఎత్తుకుని నన్ను తీసుకుని క్రీక్ అవతలున్న డేరా బజారుకి బయల్దేరింది. ఆ దారిన తనకి తెలిసినవాళ్ళెవరూ లేరని సారు రాలేదు. అబ్రా పడవెక్కాం. క్రీక్ ఉప్పుటేరు మీద గాలి మొహాన కొడుతోంది. నడిమధ్యలో అక్క రెండు చెవుల్లో దూదీ పీకి నీళ్ళలోకి విసిరేసింది. నేను చూడనట్టు పక్షుల్ని చూశాను.

మోటార్లూ బాయిలర్లూ అమ్మే ఒక కొట్లో బిగించే మనిషి పఠాన్. రా అనలేదు, కూర్చో అనలేదు. అక్క ప్రశ్నని ఉర్దూలోకి మార్చుదామని నేను గొంతు సవరించుకునేలోపే ఆయనే గద్దించాడు: "పహ్లే యే బోలో, ధువాఁ కిధర్ సే నికల్తా హై?" ముందు ఇది చెప్పండి, పొగ ఎటునుంచి పోతోంది?

అక్క నా మొహం చూసింది. ఆస్పత్రి హిందీ ఆవిడకీ వచ్చు. "తమ్ముడూ, ఈయనే" అంది.

ఇల్లు చూడనిదే డబ్బా అమ్మనన్నాడు పఠాన్. శుక్రవారం నమాజు అయ్యాక వస్తానన్నాడు. చాయ్ తాగుతావా ఖాన్ సాబ్ అని నేనడిగితే, చాయ్ గురించి వచ్చారా బాయిలరు గురించి వచ్చారా అన్నాడు. నా జోకులకి నవ్వని మనిషిని నేను సాధారణంగా నమ్మను. ఆయన్ని నమ్మాను.

ఇంటికొచ్చి చెబితే సారు అగ్గిమీద గుగ్గిలం. "ముక్కూ మొహం తెలీనోణ్ణి బాత్రూములోకి రానిస్తావా?"

"తెలిసిన ఇల్లు, తెలిసిన గది, తెలిసిన బాయిలరండి. అందులోనే కదా చావబోయాను" అంది అక్క. అంతటితో అయిపోయిందనుకున్నాం.

శుక్రవారం పొద్దున అక్క డ్యూటీకి అటు వెళ్ళింది, ఇటు పక్కూరాయన కొత్త బాయిలరు పెట్టె భుజాన వేసుకుని దిగాడు. సారే పిలిపించాడు. "ఆవిడొచ్చేసరికి కొత్తది తళతళలాడుతూ ఉంటే ఇంకేమంటుంది? సంతోషిస్తాది" అన్నాడు మాతో. పెళ్ళాం చావు అంచుదాకా వెళ్ళొచ్చి చెప్పినా వినలేదు గానీ, పక్కూరివాడికిచ్చిన మాట మాత్రం తప్పకూడదట! రాత్రీ పగలూ ఒకటి చేసి పనిచేసే ఆస్పత్రి మనిషిని మోసం చేసి సంతోషపెట్టడమేమిటో, ఆ లెక్క నాకు ఏడో తరగతిలో చెప్పలేదు.

పాతది దింపి కొత్తది అదే మేకులకి తగిలించాడు పక్కూరాయన. రేకు గొట్టాన్ని గోడవైపు వంచి వదిలేశాడు. కుళాయి తిప్పాడు. ఆలోచించకుండా బుస్సుమంది. సారు చప్పట్లు కొట్టినంత పనిచేసి, కాక ఒళ్ళోంచి పాపని తీసుకున్నాడు.

"మీ అక్క వచ్చేలోపు దీనికి స్నానం పోసేద్దాం. అప్పుడు నమ్ముతుంది."

కాక నా వంక చూశాడు. పఠాన్ రావడానికి ఇంకా పొద్దుంది. సారుతో వాదిస్తే ఆయన చదువు బయటికి తీస్తాడు. అందుకని నేను బాత్రూము గుమ్మానికి అడ్డంగా నిలబడి చేతులు జోడించాను.

"సారూ, కొత్త బాయిలరు గదా. మొదటి స్నానం బిగించినోడు చెయ్యాలె. మా దిక్కు గదే ఆచారం."

"అదేం ఆచారం? నేనెప్పుడూ వినలా."

"ఇల్లు కట్టిన మేస్త్రికి బట్టలు పెడ్తం. బాయిలరు పెట్టినోనికి స్నానం పెడ్తం. కాదా కాకా?"

కాక క్షణం కూడా తడుముకోలేదు. "అవుమల్ల. చెయ్యకపోతే అరిష్టం."

మా జిల్లా మొత్తంలో ఎన్ని బాయిలర్లున్నాయో అడిగే తెలివి సారుకి ఆ నిమిషాన రాలేదు. నేను తువ్వాలు తెచ్చి పక్కూరాయన భుజం మీద వేశాను. "తలుపు గట్టిగ వేస్కో అన్నా. టబ్బు నిండేదాంక తీరిగ్గ చెయ్యి."

"నేను పొద్దున్నే చేసేసానండి."

"మళ్ళ చెయ్యి. నీళ్ళకు కరువా?"

"జలుబుగా ఉందండి."

"వేన్నీళ్ళే గదా, తగ్గుతది."

"అబ్బే, మా ఆవిడ ప్రార్థనకి లేటవుద్దంటాదండి." చెమటలు పట్టాయి పాపం, చలికాలంలో. అక్క చెప్పిందంతా ఈయన చెవిలో పడే ఉంది. తన విషయానికొచ్చేసరికి నీలంమంటకి పొగ పుట్టుకొచ్చింది.

"అన్నా, చంటిపిల్లకు పనికొచ్చిన గది నీకెందుకు పనికిరాదు?" అన్నాను. ఈసారి జోకులాడే గొంతుతో అనలేదు.

సారు ఆయన వంక చూశాడు. తర్వాత పాపని గుండెకి అదుముకుని, బాత్రూము గుమ్మం దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రెండడుగుల కోసం ఆయన మీద ఉన్న కోపంలో కొంత, అంతా కాదు, కొంత మాఫీ చేశాను.

మధ్యాహ్నం అక్కా పఠానూ ఒకేసారి మెట్లెక్కి వచ్చారు. కొత్త బాయిలరుని చూసి అక్క బ్యాగు కింద పెట్టి గోడకి చేరబడింది. పఠాన్ స్టూలెక్కి, గొట్టం వెనక టార్చి వేసి, చెయ్యి దూర్చాడు. ఏదో మెత్తగా తగిలినట్టుంది, మొహం చిట్లించాడు. పట్టుకుని లాగాడు. మసిపట్టి నల్లగా ఉన్న మూట ఒకటి ఊడొచ్చి సారు కాళ్ళ దగ్గర పడింది.

"అరె, గిది నా మెత్త!" అన్నాడు కాక. "గిన్ని దినాల సంది చెయ్యి తలకింద వెట్టుకొని పంటున్న గదరా!"

కాక తలగడ. గోడ కంత నిండా కుక్కి ఉండింది. "యే కిస్‌నే ఠూంసా?" అని పఠాన్ గర్జించాడు. నేను తెలుగు చెయ్యలేదు. ఎవరు కుక్కారో ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది.

"అమ్మ చెప్పింది కదా" అన్నాడు సారు నేలచూపులు చూస్తూ. "కంతలు ఉండకూడదని. నీకు గాలి సోకకూడదని..."

"బిగించేటప్పుడు నేనూ చూశానండి, తీసేద్దామనే అనుకున్నాను" అన్నాడు పక్కూరాయన. ఆయన చెప్పుల చప్పుడు కిందిమెట్టు దాకా వినిపించింది.

పఠాన్ కొత్త బాయిలరుని గోడ మీంచి దింపేశాడు. బాత్రూములో పెట్టనే పెట్టనన్నాడు. వంటింటి వెనక బాల్కనీలో, ఆకాశం కింద, బయటి గోడకి బిగించి వేణ్ణీళ్ళ పైపు మాత్రం లోపలికి తెచ్చాడు. గోడకి ఇంకో కంత పెడితే ఓనరేమంటాడోనని సారు గొణిగాడు. మూసిన కంతకి ఓనరేమీ అనలేదుగా అని నేను గొణిగాను. పని అయ్యాక పఠాన్ "ఖలాస్" అని, అక్కని పిలిచి కుళాయి తిప్పమన్నాడు. మమ్మల్నెవర్నీ పిలవలేదు.

ఆ సాయంత్రం తలుపు బార్లా తీసి, కంత తెరిచిపెట్టి, అక్క పాపకి స్నానం పోసింది. పిల్ల నీళ్ళు కొడుతూ కేరింతలు. కాక తన తలగడని ఉతకడం మొదలుపెట్టాడు, అది ఎన్నటికీ తెల్లబడలేదు.

ఇక్కడితో ఆపితే అందరం బాగుపడ్డాం అనుకుంటారు. నెల తిరక్కుండా సారు తన ఆఫీసులో, కూటంలో, "బాయిలరా? నాకు తెలిసినోడు ఒక పఠాన్ ఉన్నాడు" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నిజంగానే చెబుతున్నాను, భుజాలెగరేసి! ఊరికి పంపిన క్యాసెట్‌లో తలగడ ఊసు లేదు. కోడలికి నీరసం వచ్చి పడిపోయిందనీ, తను దగ్గరుండి కొత్త బాయిలరు పెట్టించాననీ చెప్పాడు. దానికి జవాబు క్యాసెట్టొచ్చింది. బల్ల చుట్టూ చేరాం. పెద్దావిడ గొంతు: "నీరసం కాదు బాబూ, గాలి సోకుంటాది. నే ముందే చెప్పలా, కంతలు మూయమని?"

నా నోట్లోకి నాలుగు జోకులొచ్చాయి, ఒక్కటీ బయటికి రాలేదు.

అక్క పాపని నా చేతికిచ్చింది. టేప్‌రికార్డరులో ఖాళీ క్యాసెట్ పెట్టి, ఎర్రమీట నొక్కి, దగ్గరికి వంగింది. "అత్తయ్యగారూ, నాకు గాలి సోకలేదండి. గాలి సోకకే పడిపోయాను. మీ అబ్బాయి కంత మూసేశారు. ఊళ్ళో ఎవరైనా బాలింత ఉంటే, గాలి రానివ్వమని చెప్పండి." అంతే. మీట ఆపింది.

"అమ్మ బాధపడతాదే" అన్నాడు సారు. "దాని మీద ఇంకోటి మాట్లాడి పంపుదాంలే."

అక్క క్యాసెట్ బయటికి తీసింది. దాని వెనకంచున రెండు చిన్న ప్లాస్టిక్ పళ్ళుంటాయి. అవి విరిచేస్తే ఇక దాని మీద ఎవరూ ఏమీ రికార్డు చెయ్యలేరు. జడపిన్ను పెట్టి ఒకటి విరిచింది, టక్కుమంది. రెండోదీ విరిచింది. సెలవు మీద పోయేవాడి సంచిలో తనే స్వయంగా పెట్టి, పాపని నా దగ్గర్నుంచి తీసుకుని, బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పింది. వంటింటి అవతల, బయట గాలిలో, బాయిలరు బుస్సుమంది.